ఇంటికి సీసీ కెమెరాలు: రెండేళ్ల వాడకం తర్వాత

తిరుపతి బైరాగిపట్టెడలోని మా ఇంటికి నాలుగు సీసీ కెమెరాలు, ముందు తలుపుకు వేలిముద్రతో తెరుచుకునే తాళం, గదుల్లో ఫోనుతో వెలిగే లైట్లు పెట్టించి రెండేళ్లు దాటింది. అంతా కలిపి నలభై ఎనిమిది వేలయింది. మళ్లీ కొనవలసి వస్తే అందులో సగం కూడా ఖర్చు పెట్టను, కానీ కెమెరాలను మాత్రం వదులుకోను.

వాటిని పెట్టించింది దొంగల భయంతో కాదు. మేమిద్దరం ఉద్యోగాలకు వెళ్తే డెబ్బై ఆరేళ్ల మా అమ్మ ఒక్కతే ఇంట్లో ఉంటుంది. బ్రహ్మోత్సవాల రోజుల్లో గది దొరుకుతుందా, బండి ఇక్కడ పెట్టుకోవచ్చా అని అడుగుతూ కొత్తవాళ్లు గేటు తడుతూనే ఉంటారు, పిలిచిన ప్రతివారికీ ఆమె తలుపు తీసేది. ఇప్పుడు, కెమెరాల దృశ్యాలను రికార్డు చేసే పెట్టె అయిన డీవీఆర్‌ను టీవీకి కలిపాము కనుక, గేటు దగ్గర ఎవరున్నారో కూర్చున్న చోటి నుంచే చూసి, తెలిసినవారైతేనే లేస్తోంది. పెట్టిన డబ్బుకు నాకు ఇదొక్కటే చాలు.

దొంగను కెమెరా ఆపుతుందా అంటే, మా అనుభవంలో ఆపలేదు. పెట్టించిన నాలుగో నెలలో కాంపౌండులోని మా అబ్బాయి సైకిలు పోయింది. ఫుటేజీలో దొంగ టోపీ చక్కగా కనిపించింది, ముఖం మాత్రం కనిపించలేదు. బిగించిన కుర్రవాడు కెమెరాను పన్నెండు అడుగుల ఎత్తున, స్లాబు కింద పెట్టి నేరుగా కిందికి తిప్పడమే అందుకు కారణం. తర్వాత దాన్ని గేటు పక్కన ఏడున్నర అడుగుల ఎత్తుకు, లోపలికి వచ్చేవారికి ఎదురుగా ఉండేలా మార్పించాను. ఎత్తుగా ఉంటే ఎవరూ పాడుచేయలేరన్నది నిజమే కానీ, ముఖం పడని కెమెరా పాడవకుండా ఉండి చేసేదేమిటి? రాత్రిపూట బండి నంబరు మీద కూడా ఆశ పెట్టుకోవద్దు. కెమెరా నుంచి వచ్చే, కంటికి కనిపించని ఇన్‌ఫ్రారెడ్ కాంతికి నంబరు ప్లేటు మెరిసి తెల్లటి పలకలా కనిపిస్తుంది. గేటు దగ్గర మామూలు ఎల్ఈడీ బల్బు ఒకటి రాత్రంతా వెలుగుతూ ఉంటే మనుషులను గుర్తుపట్టడమూ తేలిక, దొంగకూ కాస్త జంకు.

కొనేటప్పుడు అందరూ కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడుగుతారు, రికార్డింగు ఎన్ని రోజులు నిలుస్తుందని అడగరు. ఫుల్ హెచ్‌డీ కెమెరా సెకనుకు రెండు మెగాబిట్ల చొప్పున ఆగకుండా రికార్డు చేస్తే రోజుకు సుమారు 21.6 జీబీ, నాలుగింటికి కలిపి 86 జీబీ అవుతుంది. అంటే ఒక టీబీ (వెయ్యి జీబీల) హార్డ్‌డిస్కులో పదకొండు రోజులకు మించి మిగలదు. ఆ తర్వాత పాతదాని మీదే కొత్తది పడుతుంది. దుకాణంలో మాకు నెల రోజులని చెప్పారు. పదిహేను రోజుల కాశీయాత్ర ముగించుకుని వచ్చి చూస్తే మొదటి నాలుగు రోజుల జాడే లేదు. వీడియోను మరింత కుదించే హెచ్.265 పద్ధతిలో రికార్డు చేసే డీవీఆర్ అయితే దాదాపు రెట్టింపు రోజులు వస్తుంది కనుక, అదే తీసుకోవాలి. డీవీఆర్‌నూ రూటర్‌నూ కెమెరాలనూ ఇన్వర్టరుకు కలపకపోతే కరెంటు పోయిన గంటసేపు అన్నీ గుడ్డివే.

నవంబరు వానలకు మా కెమెరా ఒకటి చెడిపోయింది. కెమెరా మీద ఐపీ67 (నీరు, దుమ్ము చొరబడవనే గుర్తు) అని ఉన్నా ఆ రక్షణ దాని బాడీకే. వైరు కలిపే చోట నీరు దిగింది. ఆ జాయింటుకు ప్లాస్టిక్ పెట్టె బిగించడానికి అయ్యే ఖర్చు నూరు రూపాయలలోపే. ఇక సాలెపురుగుల సంగతి: రాత్రి గేటు దగ్గరి బల్బు కాంతికి పురుగులు వస్తాయి, వాటి కోసం సాలెపురుగులు అద్దం ముందే గూడు కడతాయి, గాలికి గూడు ఊగినప్పుడల్లా కదలిక ఉందని ఫోను మోగుతుంది. మనుషులు కదిలినప్పుడు మాత్రమే చెప్పే సదుపాయం ఉన్నది కొనండి, నెలకోసారి చీపురు పెట్టండి.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టినది వేరు. బిగించిన మనిషి మా కెమెరాలను తన ఫోను నంబరుతో నమోదు చేశాడని ఆరు నెలల తర్వాత తెలిసింది. అన్నాళ్లూ మా గుమ్మం అతని ఫోనులోనూ కనిపిస్తూనే ఉందన్నమాట. మోసం చేశాడని అనను, సెట్టింగుల పని తొందరగా ముగించుకోవడానికే అలా చేసి ఉంటాడు. ఖాతా మన నంబరుతోనే తెరిపించుకుని, పాస్‌వర్డు మనమే మార్చుకోవాలి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డునే ఉంచేసిన కెమెరాలను, రూటర్లను లక్షల సంఖ్యలో లోబరచుకుని 2016లో మిరాయ్ అనే హానికర ప్రోగ్రాము ఎన్నో పెద్ద వెబ్‌సైట్లను స్తంభింపజేసింది. మన దేశంలో 2025 ఏప్రిల్ నుంచి సీసీ కెమెరాలకు భద్రతా పరీక్షలు తప్పనిసరి అయ్యాయి కనుక, పాత సరుకు చవకగా ఇస్తామంటే ఆలోచించండి. పడకగదిలో మాత్రం ఏ కెమెరా వద్దు. వీధివైపు కెమెరా గురించి ఎదురింటి పెద్దావిడ "ఏం నాయనా, మీ కెమెరా మా వసారాలోకి చూస్తా ఉందంటనే" అని అడిగితే, ఆ భాగం తెర మీద నల్లగా కప్పేసి చూపించాను. ఆ సదుపాయం చాలా డీవీఆర్లలో ఉంటుంది.

ఏడాదికి రెండుసార్లు ఊరెళ్లేవారికి ఇదంతా అవసరం లేకపోవచ్చు. తాళం వేసిన ఇళ్ల కోసం ఆంధ్రప్రదేశ్ పోలీసులు ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్) పేరుతో ఒక పద్ధతి ప్రవేశపెట్టారు. కోరినవారి ఇంట్లో వారే ఉచితంగా కెమెరా పెడతారు, లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్ రూముకు తెలుస్తుంది. ప్రయాణానికి ముందు మీ స్టేషనులో అడిగి చూడండి.

స్మార్ట్ సరంజామా గురించి చెప్పడానికి ఎక్కువ లేదు. గోడ మీది స్విచ్చు ఎవరో ఒకరు ఆపేస్తారు, ఇక ఆ బల్బు ఫోను మాట వినదు. ఆధార్ వేలిముద్రకే తిప్పలు పడే మా అమ్మ అరిగిన వేళ్లను ఆ తాళం పదిలో నాలుగుసార్లు కూడా గుర్తించలేదు, దాన్ని తీయించి పాత తాళమే బిగించాము. పనికొచ్చినది ఒక్కటే, దాన్ని ఎవరూ స్మార్ట్ అని కూడా అనరు: ట్యాంకు నిండగానే మోటారును ఆపే చిన్న పెట్టె, పద్దెనిమిది వందలు.