ఆపదలో ఫోన్ కౌన్సెలింగ్: 14416, 181, 1098 ఏళ్ల తరబడి వాడాక మా మాట

ఫోన్ కౌన్సెలింగ్ పనిచేస్తుందా అని అడిగేవాళ్లకు ముందే చెప్పేస్తున్నాం: పనిచేస్తుంది. అయితే అది ఆ రాత్రి గట్టెక్కించే పని. తెల్లారాక ఏమవుతుందన్నది ఫోన్‌కు అవతల ఉన్నవాళ్ల చేతిలో సగమైతే, ఇవతల పక్కన కూర్చున్నవాళ్ల చేతిలో సగం. ఈ నంబర్లు మేం మా కోసం వాడింది తక్కువ. బిడ్డను పోగొట్టుకున్న తల్లిదండ్రులు, మొగుడి చేత దెబ్బలు తిన్న ఆడవాళ్లు, హాస్టల్ పిల్లలు, అప్పులపాలైన రైతులు.. వాళ్ల పక్కన కూర్చుని డయల్ చేసిపెట్టిందే ఎక్కువ.

నంబరు తప్పితే పావుగంట పోతుంది, ఆ పావుగంటే అసలైన సమయం. కాబట్టి ఇది ముందు. టెలీ మానస్ 14416 మనసు కుంగిపోయినప్పుడు, బతకాలని లేనప్పుడు, దుఃఖం తట్టుకోలేనప్పుడు చేయాల్సింది. 2022 అక్టోబర్ 10న మొదలైంది, బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ దీనికి పెద్దదిక్కు. రాత్రీ పగలూ ఉంటుంది, డబ్బు కట్టక్కర్లేదు. ఏ భాష అని అడిగినప్పుడు తెలుగు ఎంచుకోవాలి. మొదట మాట్లాడేది కౌన్సెలర్, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు. 14416 కలవకపోతే 1800-891-4416. ఇంట్లో హింసకు 181, అక్కణ్నుంచి జిల్లాలో హింసకు గురైన ఆడవాళ్ల కోసం ఉన్న సఖి కేంద్రానికి దారి. పిల్లల విషయం ఏదైనా 1098. ఇప్పుడే, ఈ నిమిషంలోనే కొడుతుంటే కౌన్సెలింగ్ లైన్లేవీ వద్దు, 112. ఏదైనా మింగేసి ఉంటే 108. అప్పుడు వాంతి చేయించకూడదు. మింగిన మందు డబ్బానో, చీటీనో ఆసుపత్రికి వెంట తీసుకెళ్లాలి, డాక్టరు ముందు అడిగేది అదే.

డయల్ చేసే ముందు చూసుకోవాల్సినవి చిన్నవే. ఛార్జింగ్ ఉందా, గదిలో ఇంకెవరైనా ఉన్నారా, మనిషి మంచినీళ్లయినా తాగారా. స్పీకర్ పెట్టొద్దు. గోడ అవతల అత్తగారో, ఆడపడుచో వింటారన్న అనుమానం ఉంటే ఆ మనిషి అసలు సంగతి చెప్పరు. మేం చేసేది ఇదీ: మొదటి నాలుగు మాటలు మేమే చెబుతాం. "పక్కన నేనున్నాను. ఈమెకు రెండు రోజులుగా నిద్ర లేదు, తిండి లేదు. బతకాలని లేదంటున్నారు. ఫోన్ ఆమెకే ఇస్తున్నాను." అంతే, ఫోన్ ఇచ్చేసి చెవి పక్కకు తిప్పుకోవాలి. ఈ నాలుగు మాటలు లేకపోతే చాలామంది ఫోన్ అందుకుని "ఏం లేదమ్మా, ఊరికే చేశాను" అంటారు.

అవతల ఉన్నది మంచి కౌన్సెలరో కాదో తెలిసేది సరిగ్గా ఆ "ఏం లేదమ్మా" దగ్గరే. సరే అని పెట్టేసేవాళ్లూ ఉంటారు. మంచివాళ్లు "పర్లేదు, నేను లైన్లోనే ఉంటాను" అని ఊరుకుంటారు. ఆ మౌనం అర నిమిషం సాగవచ్చు. పక్కనున్నవాళ్లకు అది భరించలేనంత పొడుగ్గా అనిపిస్తుంది, మనమే ఏదో ఒకటి అనేయబోతాం. అనకూడదు. ఆ అర నిమిషం తర్వాతే చాలాసార్లు గొంతు పూడుకుపోతూ అసలు మాట బయటికొస్తుంది.

రెండో గుర్తు, చావు గురించి సూటిగా అడగడం. "చచ్చిపోవాలనిపిస్తోందా? ఎలా అని అనుకున్నారా? అది ఇప్పుడు ఇంట్లో ఉందా?" అని వరసగా అడుగుతారు. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని మనవాళ్ల భయం. అది నిజం కాదు. ఇన్నాళ్లకు ఒకరైనా అడిగారని ఊపిరి పీల్చుకునేవాళ్లే ఎక్కువ. "ధైర్యంగా ఉండు", "పిల్లల మొహం చూసైనా బతకాలి", "నీకంటే కష్టాలు పడ్డవాళ్లు లేరా" అనే కౌన్సెలర్ దొరికితే మర్యాదగా ఫోన్ పెట్టేసి మళ్లీ చేయండి, వేరొకరు ఎత్తుతారు. పిల్లల పేరు ఎత్తడం మంచి మాటలా కనిపిస్తుంది కానీ, ఆ మనిషి అప్పటికే నేను పిల్లలకు భారమైపోయానని నమ్ముతూ ఉంటారు. ఆ మాట గాయం మీద గాయం.

మూడో ప్రశ్నకు జవాబు "ఉంది" అని వస్తే ఇక పని పక్కనున్నవాళ్లదే. మన పల్లెల్లో ఆ జవాబుకు అర్థం చాలాసార్లు పశువుల కొట్టంలో ఉన్న పురుగుమందే. దాన్ని ఇంట్లోనే మరో మూలన దాచడం పనికిరాదు. ఇల్లు దాటించాలి. తాళం వేసి ఆ తాళంచెవి పక్కింట్లో ఇచ్చినా సరే. చావాలన్న ఉధృతి నిమిషాల్లో, గంటల్లో పెరిగి తగ్గేది. ఆ కాసేపు చేతికి అందకపోతే చాలామంది బయటపడతారు. శ్రీలంకలో అతి విషపూరితమైన పురుగుమందుల్ని వరసగా నిషేధించాక ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి.

ఫోన్ మీద చేయించగలిగినవాటిలో మాకు అన్నిటికన్నా ఉపయోగపడింది భద్రతా చీటీ. అమెరికాలో బార్బరా స్టాన్లీ, గ్రెగరీ బ్రౌన్ రూపొందించిన పద్ధతి ఇది. ఆరు మెట్లు. ఆలోచన ముదురుతోందని తెలిపే గుర్తులు, ఒంటరిగానే చేయగలిగే పనులు, మనసు మళ్లించే మనుషులూ చోట్లూ, సాయం అడగగలిగిన ఇద్దరు, డాక్టరూ హెల్ప్‌లైన్ నంబర్లూ, ఆఖరున ఇంట్లోంచి తీసేయాల్సిన వస్తువులు. అర ఠావు కాగితం చాలు, ఫోన్ కవర్ వెనక మడిచి పెట్టుకోవచ్చు. చెడేది ఎక్కడంటే, కౌన్సెలర్ చెప్పింది చెప్పినట్టు రాసేసినప్పుడు. "ధ్యానం చేస్తాను" అని రాసి ఉంటుంది, ఆ మనిషి పుట్టాక ధ్యానం చేసి ఎరగరు. "బర్రెకు గడ్డి వేస్తాను", "సాయిబాబా గుడి అరుగు మీద కూర్చుంటాను", "మా చిన్నక్కకు ఫోన్ చేస్తాను" అని వాళ్ల మాటల్లో ఉన్న చీటీయే అర్ధరాత్రి పనికొస్తుంది. గుర్తులు కూడా అంతే. "ఆందోళన" అని రాస్తే దండగ. "అన్నం ముద్ద మింగుడు పడదు, రాత్రి రెండింటికి మెలకువొస్తుంది" అని రాస్తే ఆ రెండింటికి చీటీ గుర్తొస్తుంది.

చావు జరిగిన ఇంట్లో మాత్రం ఈ ఫోన్‌ను తొందరపడి వాడొద్దు. మొదటి పది పన్నెండు రోజులు ఇల్లు చుట్టాలతో నిండి ఉంటుంది. ఏడ్చేవాళ్లు, వండిపెట్టేవాళ్లు, పక్కన పడుకునేవాళ్లు ఉంటారు. ఆ రోజుల్లో కావాల్సింది వేళకు ఇంత ముద్ద, కాస్త నిద్ర, ఒంటరిగా వదలకపోవడం. పెద్దకర్మ అయిన మర్నాడు బ్యాగులు సర్దుకుని అందరూ బస్సెక్కుతారు. ఇల్లు ఒక్కసారిగా బోసిపోతుంది. 14416 అవసరం పడేది అప్పుడు. ఆపైన నెల మాసికానికి, పుట్టినరోజుకు, సంవత్సరీకానికి ముందు వారం. జరిగినదంతా పూసగుచ్చినట్టు చెప్పించి ఒక్క విడతలోనే భారం దించేస్తామనే పద్ధతి ఒకప్పుడు ఉండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని వద్దంటోంది. కోరుకుంటే చెప్పనివ్వాలి, తవ్వి అడగకూడదు. అలాగే ఘోరమైన సంఘటన జరిగిన తొలి నెలలో, ఆ దిగ్భ్రాంతి తగ్గడానికని బెంజోడయాజెపైన్ రకం (ఆందోళన తగ్గించి నిద్ర తెప్పించే) మాత్రలు ఇవ్వవద్దని అదే సంస్థ 2013 మార్గదర్శకాల్లో ఉంది. మెడికల్ షాపువాణ్ని అడిగి తెచ్చి మింగించే చుట్టాలు ప్రతి ఇంటా ఒకరుంటారు, వాళ్లను ఆపండి. ఏడుపు జబ్బు కాదు. ఆరు నెలలు దాటినా పొద్దస్తమానం అదే తపన, రోజువారీ పనులు కూడా చేసుకోలేని స్థితి ఉంటే అప్పుడు డాక్టరు చూడాలి.

ప్రమాదమో, దాడో మళ్లీ కళ్ల ముందు జరుగుతున్నట్టై వణికిపోయేవాళ్లకు ఫోన్‌లో చేయించేది తేలికైనదే. చుట్టూ కనిపించే ఐదు వస్తువులు పేర్లతో చెప్పమంటారు. తర్వాత తాకగలిగినవి నాలుగు, వినిపించేవి మూడు, వాసనలు రెండు, రుచి ఒకటి. మేం గమనించింది ఏమంటే, అవి గట్టిగా పైకి చెప్పాలి, అరికాళ్లు నేలకు ఆనాలి. మనసులో అనుకుంటే మళ్లీ ఆ సంఘటనలోకే జారిపోతారు.

ఇక ఇంటి హింస. మా అసంతృప్తి అంతా ఇక్కడే. మన దగ్గర కౌన్సెలింగ్ అనగానే ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి కాపురం చక్కదిద్దడం అనుకుంటారు. కొట్టినవాడి ఎదుట కొట్టించుకున్నామె నిజం చెప్పదు. చెప్పినా ఆ రాత్రికి దాని ఫలితం అనుభవిస్తుంది. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబర్ 26 నుంచి అమల్లో ఉంది. దాని నియమాల్లో ఒకటి చాలామంది కౌన్సెలర్లకే గుర్తుండదు: హింసకు సమర్థనగా ఏ కారణమూ చెప్పడానికి అవతలివాణ్ని కౌన్సెలింగ్‌లో అనుమతించకూడదు. "అన్నం సరిగ్గా వండదు", "ఎదురు మాట్లాడుతుంది" అని మొదలుపెట్టగానే ఆపేయాలి. ఆపకుండా ఆమె వైపు తిరిగి "నువ్వూ కాస్త సర్దుకుపోవాలమ్మా" అంటే అది కౌన్సెలింగ్ కాదు, పెద్దమనుషుల పంచాయితీ. అక్కణ్నుంచి లేచి వచ్చేయొచ్చు.

181కు చేసినప్పుడు ఈ చట్టం కింద ఉండే రక్షణాధికారి కావాలని, గృహహింస నివేదిక రాయించాలని నోటితో అడగాలి. సఖి కేంద్రంలో ఐదు రోజుల వరకు ఆశ్రయం, వైద్యం, పోలీసు సాయం, లాయరు సలహా, కౌన్సెలింగ్ ఒకే చోట ఉంటాయి. ఈమెకు మాత్రం భద్రతా చీటీ కాగితం మీద వద్దు. దొరికితే అదే ఇంకో గొడవ. నంబరు కంఠతా రావాలి, కాల్ లిస్టులోంచి చెరిపేయాలి. ఆధార్, బ్యాంకు పుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, రెండు జతల బట్టలు నమ్మకమైనవాళ్ల ఇంట్లో ముందే చేర్చాలి. ఇల్లు వదిలే వేళే ఎక్కువ ప్రమాదం, అందుకే వెళ్తున్నానన్న మాట ఇంట్లో అనకూడదు.

అత్యాచారం జరిగిందని తెలిస్తే కౌన్సెలర్ అడగాల్సిన మొదటి ప్రశ్న "ఎన్ని గంటలైంది?" హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందు 72 గంటల్లోపు మొదలవ్వాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. గర్భం రాకుండా వేసుకునే మాత్ర కూడా తొందరగా పడాలి. ప్రభుత్వ ఆసుపత్రైనా, ప్రైవేటైనా ప్రథమ చికిత్స ఉచితంగా వెంటనే చేయాలన్నది చట్టం. ఓదార్పులో గంటలు గడిపి ఈ లెక్క మరిచిపోయే కౌన్సెలింగ్ ఎంత తియ్యగా ఉన్నా నష్టమే.

చిన్నపిల్లలు తమ మీద జరిగిన లైంగిక దాడి గురించి చెప్పబోతున్నప్పుడు "ఎవరికీ చెప్పనని ఒట్టు" అనకండి. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు తెలియజేయాల్సిందే. ఒట్టేసి తప్పితే ఆ పిల్ల మళ్లీ ఏ పెద్దవాళ్లనూ నమ్మదు. "నీకు సాయం చేయగలవాళ్లకు మాత్రమే చెబుతాను" అంటే నిజమూ, నమ్మకమూ రెండూ నిలుస్తాయి. వివరాలు మనం పదేపదే అడగొద్దు. వాంగ్మూలం తీసుకునే పోలీసు అధికారి యూనిఫాంలో రాకూడదని కూడా అదే చట్టంలో ఉంది.

ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్ల ఇంట్లో ఫోన్ చేయనివ్వకుండా ఆపేది కేసు భయం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించి, శిక్ష కాకుండా చికిత్స ఇవ్వాలంటుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309 సెక్షనే లేదు. ఈ రెండు వాక్యాలు గుమ్మం దగ్గరే చెబితే చాలాసార్లు ఫోన్ చేతికిస్తారు.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇలాంటి ఆపద వేళల హెల్ప్‌లైన్ 988 ఉంది, తెలుగు దుబాసీ కావాలని అడగండి. ఇంట్లో హింస అయితే దుబాసీగా భర్తను, భర్త తరఫువాళ్లను ఒప్పుకోవద్దు.

లోపాలూ రాయాలి. ఏ లైన్లో అన్నది పక్కన పెడితే, మాకు పదేపదే ఎదురైనవి మూడు. ఒకరి నుంచి ఒకరికి కలిపినప్పుడల్లా కథ మొదటి నుంచి చెప్పాల్సి రావడం, ఫారం నింపుతున్న గొంతుతో ప్రశ్నలడగడం, మళ్లీ ఫోన్ చేస్తామని చేయకపోవడం. మొదటిదానికి మందు, పై నాలుగు మాటల్ని ప్రతిసారీ మనమే చెప్పడం. మూడోదాన్ని చూసి ఊరుకోకూడదు. అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల ఎమర్జెన్సీ విభాగాల్లో భద్రతా చీటీ రాయించి, ఇంటికెళ్లిన 72 గంటల్లోపు ఫోన్ చేయడం మొదలుపెట్టి, కనీసం రెండుసార్లు పలకరించారు. 2018లో వచ్చిన ఆ అధ్యయనంలో మామూలు వైద్యం మాత్రమే అందినవాళ్లతో పోలిస్తే తర్వాతి ఆరు నెలల్లో ఆత్మహత్య ప్రయత్నాల వంటివి 45 శాతం తక్కువ. అందుకే మేం ఫోన్ పెట్టే ముందు "మళ్లీ ఎప్పుడు?" అని ఏ రోజో, ఎన్ని గంటలకో అడిగి రాసుకుంటాం. వాళ్లు చేయకపోతే ఆ గంటకు మేమే చేయిస్తాం. భర్త చేతిలో ఫోన్ ఉండే ఇళ్లలో మొదటి కాల్‌లోనే కౌన్సెలరూ ఆమే ఒక గుర్తు మాట అనుకుని ఉంచుకుంటారు. అవతల ఆడగొంతు "జాకెట్లు కుట్టడం అయిపోయింది, తీసుకెళ్తారా?" అంటుంది. ఈమె "ఇప్పుడు కాదు, రేపొస్తా" అంటే భర్త పక్కనే ఉన్నట్టు.