పడితే ఏమవుతుంది? ప్రిన్స్ ఆఫ్ పర్షియా, మొదటి గేము నుంచి ఫోన్లో ఆడే గేము దాకా

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్ దగ్గరో, విజయనగరం కోట చుట్టుపక్కలో తొంభైల్లో డాస్, ఫాక్స్‌ప్రో నేర్చుకున్నవాళ్లని కదిపి చూడండి. కమాండ్లన్నీ మర్చిపోయుంటారు గానీ, తెల్ల బట్టల కుర్రాడూ, పైకీ కిందకీ కొరికే ఇనుప పళ్లూ మాత్రం బుర్రలోంచి పోవు. ఇప్పుడు వాళ్ల పిల్లలు అదే పేరున్న గేముని ఫోన్లో ఆడుతున్నారు. ఈ మధ్యలో పది పైచిలుకు గేములొచ్చాయి. ఏది ఆడాలో, ఏది వదిలేయాలో గ్రాఫిక్స్ చూసి తేల్చలేం. ఈ సిరీస్ నడిచేదంతా గెంతడం మీద. గెంతేవాడు ఎప్పుడో ఒకప్పుడు పడతాడు. పడినప్పుడు గేము మన దగ్గర ఏం గుంజుకుంటుందో చూస్తే దాని మంచీ చెడ్డా సగం తెలిసిపోతుంది. మన జిల్లాల్లో ఇంకో రకం పడడం కూడా ఉంది, కరెంటు పోవడం. అక్టోబరు, నవంబరు వాయుగుండాల రోజుల్లో ఆట మధ్యలో సిస్టమ్ ఆగిపోతే మళ్లీ ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి? ఇక్కడ ఆ లెక్కా వేశాం.

మొదటిది 1989 నాటిది. జోర్డాన్ మెక్నర్ ఆపిల్ 2 కంప్యూటర్ మీద నాలుగేళ్లు కష్టపడి తయారుచేశాడు. తమ్ముడి చేత పరుగులు తీయించి, గెంతించి, వీడియో తీసి, ఒక్కో ఫ్రేమునీ చూసి బొమ్మ గీసుకున్నాడు. అందుకే ఆ రాకుమారుడి ఒంటికి బరువుంది. పరుగు మధ్యలో కీ వదిలేస్తే టక్కున ఆగడు, కాస్త జారి నిలబడతాడు. కొత్తవాళ్ల ప్రాణం పోయేది ఆ జారుడులోనే. వేరే గేముల అలవాటుతో చివరి నిమిషంలో బటన్ నొక్కితే ఇక్కడ కుదరదు. ముందే అనుకుని నొక్కాలి.

దీన్ని ఆడడానికి షిఫ్ట్ కీ ఒక్కటి వశమైతే చాలు. షిఫ్ట్ పట్టుకుని బాణం కీ నొక్కితే ఒక్కో అడుగే వేస్తాడు. నేలలోంచి శూలాలు లేచే చోట పరిగెత్తితే చావే, అలా అడుగులో అడుగేస్తే మధ్యలోంచే దాటేయొచ్చు. అంచు పట్టుకుని వేలాడాలన్నా, సీసాలో మందు తాగాలన్నా, కత్తి తీసుకోవాలన్నా, పోట్లాటలో పొడవాలన్నా ఆ కీయే. కత్తి దెబ్బ కాసుకోవడానికి పై బాణం. ఊడిపోయే పలక ఏదో తెలియకపోతే నిలబడ్డ చోటే ఒకసారి గెంతండి, వదులుగా ఉన్నవి కదులుతాయి. ఒక అంతస్తు కిందకి దూకితే ఏమీ కాదు. రెండంతస్తులైతే ఒక ఎర్ర త్రికోణం, అంటే ప్రాణంలో ఒక వంతు, పోతుంది. మూడంతస్తులైతే ఆట ముగిసినట్టే.

ఇంత చిన్న గేములో అంత కథ ఎలా పట్టిందంటే, చోటు లేకపోవడం వల్లే పట్టింది. ఆ కంప్యూటర్లో ఉన్న కొద్దిపాటి మెమరీలోనే అన్నీ సర్దుకోవాలి. కొత్త శత్రువుకి బొమ్మలు పెట్టే జాగా మిగల్లేదు. ఉన్న హీరో బొమ్మలనే కాస్త మార్చి నీడ మనిషిని పుట్టించారు. నాలుగో లెవెల్లో ఉన్నట్టుండి ఒక అద్దం అడ్డొస్తుంది. పరుగెత్తుకొచ్చి దాన్లోంచి దూకితే నీడ అవతలికి పోతుంది, మనకి ఒక్క త్రికోణమే మిగులుతుంది. ఐదో లెవెల్లో మన మందు అదే తాగేస్తుంది. ఆరో లెవెల్ చివర మన మొహం మీదే గేటు దించేస్తుంది. పన్నెండో లెవెల్లో ఎదురుపడినప్పుడు దాన్ని ఎంత పొడిస్తే మనకంత నొప్పి. అక్కడ కింది బాణం నొక్కి కత్తి ఒరలో పెట్టేసి దాని మీదకే నడవాలి. ఎనిమిదో లెవెల్లో మూసుకుపోయిన గేటు ముందు ఏ మీటా దొరక్క తల పట్టుకున్నవాళ్లు ఎంతమందో. అక్కడ చేయాల్సిందేమీ లేదు. కాసేపు ఊరికే నిలబడితే ఒక తెల్ల చిట్టెలుక వచ్చి అవతలి పలక తొక్కి గేటు తెరుస్తుంది.

లోపం గడియారం. మొత్తం గేముకి 60 నిమిషాలు. చచ్చిన ప్రతిసారీ లెవెల్ మొదటికి పంపుతుంది, గడియారం మాత్రం వెనక్కి తిరగదు. డాస్ వెర్షన్లో మూడో లెవెల్ నుంచి కంట్రోల్, జి నొక్కి సేవ్ చేసుకోవచ్చు గానీ అది మిగిలిన టైమును కూడా అలాగే దాస్తుంది. ఆరో లెవెల్ దాటేసరికి సగం గంటైనా మిగలకపోతే మొదట్నుంచి ఆడడమే నయం. ఈ శిక్ష ఇప్పటి పిల్లలకి ఎక్కదు. వాళ్లకి ఎస్‌డీఎల్‌పాప్ అనే ఉచిత వెర్షన్ పెట్టివ్వండి. ఎఫ్6తో ఎక్కడైనా సేవ్ అవుతుంది, ఎఫ్9తో అక్కడికే తిరిగొస్తుంది. మూలన పడేసిన ల్యాప్‌టాప్ మీదా నడుస్తుంది. కరెంటు పోయినా నష్టం చివరిసారి ఎఫ్6 నొక్కిన దగ్గర్నుంచే.

1993 నాటి రెండో గేముకి 75 నిమిషాలు. కిటికీ అద్దం పగలగొట్టుకుని మేడ మీద పడడంతో మొదలవుతుంది, రెండు వైపుల నుంచీ భటులు, అవతల బయల్దేరిపోతున్న ఓడ. ఆరంభం అదిరింది. తర్వాతే చిక్కు. ఎటు పోవాలో గేము చెప్పదు, ఊహించి చావాలి. 1999లో వచ్చిన త్రీడీ గేము జోలికి పోకండి. కెమెరా ఒక వైపు, గెంతు ఒక వైపు.

2003లో యూబీసాఫ్ట్ మాంట్రియల్ వాళ్ల సాండ్స్ ఆఫ్ టైమ్ వచ్చింది. పడితే చావడమనే మాటకే ఇది అర్థం మార్చేసింది. రాకుమారుడి దగ్గరున్న మాయ బాకులో ఇసుక ఉన్నంతవరకూ బటన్ పట్టుకుంటే కాలం వెనక్కి తిరుగుతుంది, పడ్డవాడు గాల్లోంచి గోడ మీదకి వచ్చి నిలబడతాడు. తప్పు ఎక్కడ జరిగిందో కళ్లారా కనబడుతుంది. రెండు గెంతుల ముందు వేళ తప్పామా, ఇప్పుడే తప్పామా? నేర్పడానికి ఇంతకన్నా మంచి పద్ధతి ఈ సిరీస్‌లో మళ్లీ రాలేదు. ఇసుక ఊరికే రాదు. పడగొట్టిన ఇసుక భూతాన్ని బాకుతో పీల్చుకోవాలి, పీల్చకపోతే అది మళ్లీ లేస్తుంది.

చిక్కంతా ఆ పీల్చుకోవడంలోనే. ఒకణ్ణి పీలుస్తుంటే మిగతావాళ్లు వీపు మీద బాదుతారు. శత్రువు నెత్తి మీదుగా దూకి వెనకనుంచి కొట్టడం ఒక్కటి నేర్చుకుంటే సగం గేము ఒడ్డెక్కుతుంది గానీ, కొన్ని రకాలు గాల్లోనే కొట్టి పడేస్తాయి. వాటి కోసం గోడకి కాలు తన్ని తిరిగొచ్చి కొట్టాలి. లిఫ్టులో జరిగే పోరాటం దగ్గర గేము ఆపేసినవాళ్లు చాలామంది. అక్కడ గొడవ చోటు లేకపోవడం, పైగా తోడున్న ఫరాని కూడా కాచుకోవాలి. ఆవిడ బాణాలు అప్పుడప్పుడూ మనకే తగులుతాయి.

మనవాళ్లు ప్రత్యేకంగా చూడాల్సింది ఒకటుంది. కథ మొదలయ్యేది భారతదేశంలో, ఒక మహారాజు కోట మీద దాడితో. ఫరా ఆ మహారాజు కూతురు. భయమేసినప్పుడు అనుకోమని వాళ్లమ్మ ఆమెకి చెప్పిన రహస్యపు మాట "కాకోలూకీయం". ఇంగ్లిషు ఆటగాళ్లకి అదేదో మంత్రం. పంచతంత్రంలో మూడో తంత్రం పేరే అది, కాకులకీ గుడ్లగూబలకీ వైరం. ఆ మాట ఆఖర్న ఎక్కడ పనికొస్తుందో చెప్పం.

కరెంటు లెక్కకొస్తే దీనికి మార్కులు తగ్గుతాయి. వెలుగుతున్న ఇసుక స్తంభాల దగ్గర తప్ప సేవ్ కాదు. చచ్చిపోతే దగ్గర్లోంచే మొదలెడుతుంది గానీ, సిస్టమ్ ఆగిపోతే వెనకటి స్తంభం దాకా పోవాల్సిందే. నేటి గ్రాఫిక్ కార్డుల మీద గేములోని పొగమంచు సరిగ్గా పడదు, దృశ్యాలు బోసిగా కనబడితే తప్పు మీ సిస్టమ్‌ది కాదు. ఫ్రేములని సెకనుకి 60కి కట్టేస్తే నడక సాఫీగా ఉంటుంది. దీన్ని కొత్తగా తీర్చిదిద్దే పని 2020లో పుణె, ముంబై స్టూడియోల చేతుల్లో ఉందని ప్రకటించారు. ట్రైలర్ చూసి జనం పెదవి విరిచారు. 2022లో పని మాంట్రియల్‌కి వెళ్లిపోయింది. 2026లో ఆ పనే రద్దయిపోయింది. కాబట్టి పాతదే గతి.

2004 నాటి వారియర్ వితిన్ దగ్గర మిత్రులు రెండు జట్లయిపోతారు. పోరాటం మట్టుకు సిరీస్‌లోకెల్లా ఇదే లోతు. రెండో చేతిలో ఎదుటివాడి ఆయుధం లాక్కోవచ్చు, విసిరేయొచ్చు, వాడగా వాడగా అది విరిగిపోతుంది. దహాకా అనే నల్ల భూతం తరుముతుంటే తెర రంగు మారిపోతుంది, తప్పటడుగు వేయడానికి వీల్లేదు. నీటి తెర అడ్డుగా ఉంటే మాత్రం అది దాటి రాలేదు, కనబడగానే అందులోకి దూరిపోండి. కానీ ముందు గేములో తనమీద తనే జోకులేసుకున్న కుర్రాడు ఇక్కడ పళ్లు కొరికే మొరటువాడయ్యాడు. హెవీ మెటల్ పాటలూ, ఆడవాళ్ల వేషాలూ ఇంటిల్లిపాదీ ఉన్న హాల్లో ఆడేలా లేవు. అదే కోటలో గతానికీ వర్తమానానికీ తిరిగి తిరిగి దారి తప్పుతాం. ఒక హెచ్చరిక: దాక్కుని ఉన్న 9 లైఫ్ పెంపులూ తీసుకుంటేనే నీటి కత్తి వస్తుంది, ఆ కత్తి ఉంటేనే అసలు ముగింపు. ఒక్కటి వదిలేసినా రెండో రకం ముగింపే. కనబడ్డ ప్రతి పక్కదారిలోకీ అప్పుడే దూరండి, తర్వాత చూద్దామంటే దారి దొరకదు.

2005లో టూ థ్రోన్స్ ఈ రెంటికీ రాజీ కుదిర్చింది. చప్పుడు కాకుండా వెనక చేరి, బాకు మెరిసిన క్షణంలో నొక్కితే శత్రువు ఒక్క పట్టున పోతాడు. పోట్లాట ఇష్టం లేనివాళ్లకి ఇదే పెద్ద వరం. చీకటి రాకుమారుడిగా మారినప్పుడు లైఫ్ దానంతటదే కారిపోతుంటుంది, ఇసుక దొరికితేనే నిండుతుంది, ఆగి ఆలోచించే వీలుండదు. రథం పందెం మాత్రం ఎవరి కోసం పెట్టారో తెలీదు.

2008 గేముకి మాట పడింది, చావే లేదని. పడిపోతే, తోడుండే ఎలికా అనే అమ్మాయి చెయ్యి పట్టి చివరిసారి నిలబడ్డ నేల మీద పెడుతుంది. ఆలోచిస్తే ఇది చెక్‌పాయింటే (చచ్చాక ఆట మళ్లీ మొదలయ్యే చోటు), లోడింగ్ తెర లేదంతే. పోట్లాటలో ఆమె కాపాడిన ప్రతిసారీ శత్రువుకి కొంత లైఫ్ తిరిగొస్తుంది, కాబట్టి అక్కడ శిక్ష ఉంది కూడా. అసలు బలహీనత వేరే. ఎప్పుడూ ఒకరితో ఒకరే పోట్లాట, ఉన్న అయిదారు రకాల గెంతులే మళ్లీ మళ్లీ, ఏరుకోవడానికి 1001 వెలుగు గింజలు. అన్నీ ఏరక్కర్లేదు, శక్తులు తెరుచుకునేంత వరకూ ఏరి ఆపేయండి. కథ ఎక్కడో గాల్లో ఆపేశారు. మిగతా ముక్క విడిగా అమ్మారు, అదీ కన్సోళ్లకే, పీసీవాళ్లకి ఇవ్వలేదు. బొమ్మల అందంలో మాత్రం ఈ రోజుకీ దీనికి సాటి లేదు.

2010 ఫర్‌గాటెన్ సాండ్స్‌లో నీళ్లని గడ్డకట్టించి పట్టుకుని వేలాడడం బాగుంది. జలపాతం గోడలా ఉన్నప్పుడు కాలు తన్ని, మధ్యలో బటన్ వదిలి నీళ్లలోంచి దూసుకెళ్లి, మళ్లీ నొక్కి అవతలిది పట్టుకోవాలి. వేళ్లు మెలికలు తిరుగుతాయి. మిగతాది, మరీ ముఖ్యంగా భూతాల గుంపులు, మర్చిపోదగ్గవి.

తర్వాత చాలాకాలం నిశ్శబ్దం. 2024 జనవరిలో మాంట్‌పెలియే స్టూడియో నుంచి ది లాస్ట్ క్రౌన్ వచ్చింది. మళ్లీ పక్కనుంచి చూసే ఆటే, హీరో రాకుమారుడు కాదు, సర్గోన్ అనే యోధుడు. ఖాఫ్ కొండంతా ఒకే పెద్ద పటం. ఇప్పుడు అందని అరుగు, పది గంటల తర్వాత కొత్త శక్తి వచ్చాక అందుతుంది. ఇలాంటి గేముల్లో మామూలు తలనొప్పి, ఆ అరుగు ఎక్కడుందో మర్చిపోవడం. దానికి వీళ్లు కనిపెట్టిన మందు చూడండి: ఒక బటన్ నొక్కితే ఎదురుగా ఉన్న దృశ్యం ఫొటో తీసి పటంలో ఆ చోటే గుచ్చి పెడుతుంది. వారం తర్వాత తెరిచినా, ఇక్కడ తలుపు మీద ఈ గుర్తుందని ఫొటోయే చెబుతుంది. మొదట్లో ఇవి కొన్నే ఉంటాయి. ప్రతి పెట్టె ముందూ తీసి ఖర్చు చేసుకోకుండా, దారి ఎందుకు ఆగిందో అర్థం కాని చోట మాత్రమే వాడండి.

పడితే? ముళ్ల మీద పడితే కొంచెం లైఫ్ పోయి, చివర నిలబడ్డ చోటికి తిరిగొస్తాడు. చచ్చిపోతే చివరి వాక్‌వాక్ చెట్టు (ఆట సేవ్ అయ్యే చోటు) దగ్గర లేస్తాడు, తిరిగిన పటం, దొరికిన సామాను చెక్కు చెదరవు. నాలుగు గేముల అనుభవాన్ని నూరి పోసినట్టున్న శిక్ష ఇది. పోట్లాటలో పసుపు మెరుపు కనబడితే అడ్డుకోండి, ఎదురుదెబ్బ దద్దరిల్లుతుంది. ఎరుపు మెరిస్తే అడ్డుకోవడానికి లేదు, బేగి తప్పుకోవాలి. ఇంకో శక్తితో మన నీడని ఒక చోట నిలబెట్టి, దూరం పోయి, బటన్ నొక్కి మళ్లీ దాని దగ్గరికే రావచ్చు. మెమరీ చాలక పుట్టిన ఆ పాత నీడే, ఇప్పుడు మన పక్షాన పనిచేస్తోంది. లోపాలూ ఉన్నాయి. ఒక్క గంతులో దూరం చేర్చే విగ్రహాలు తక్కువ, తిరిగిన దారే తిరగాలి, కథ చివరికొచ్చేసరికి పాత్రలు గబగబా వచ్చి పోతుంటాయి.

అదే ఏడాది ముందస్తుగా అమ్మకానికొచ్చి 2025లో పూర్తయిన ది రోగ్ ప్రిన్స్ ఆఫ్ పర్షియాలో చచ్చిపోతే ఆట మళ్లీ మొదటికే. గోడల మీద పరుగు బాగా కుదిరింది, రోజుకో అరగంట ఆడేవాళ్లకి నప్పుతుంది.

పీసీ మీద లాస్ట్ క్రౌన్‌కి 8 జీబీ ర్యామూ, 30 జీబీ దాకా ఖాళీ జాగా చూసుకోండి. 2025 ఏప్రిల్ నుంచి ఆండ్రాయిడ్, ఐఫోన్లలోనూ దొరుకుతోంది. మొదటి భాగం ఉచితం, నచ్చితే ఒకేసారి డబ్బు కట్టి మిగతాది తెరుచుకోవాలి, మధ్యలో ప్రకటనల బెడద లేదు. తెర మీద బొటనవేళ్లతో గెంతు, దాటవేత, దెబ్బ ఒకేసారి నొక్కడం కష్టం. అడ్డుకోవడాన్ని దానంతటదే చేసే సదుపాయం సెట్టింగుల్లో ఉంది, మొదటి పెద్ద శత్రువు దాకా అది వేసుకుని ఆడి, తర్వాత తీసేయండి. బ్లూటూత్ కంట్రోలర్ ఉంటే ఆ బాధే లేదు. వాన పట్టి కరెంటు పోయిన రాత్రి ల్యాప్‌టాప్ కన్నా ఇదే మేలు, చెట్టు కనబడగానే ఒకసారి తాకి ముందుకెళ్తే చాలు.