టేబుల్ ఫ్యాన్: గాలికి కాదు, గొంతుకి

గాలి సంగతి మీ అందరికీ తెలిసిందే, దాని జోలికి పోను. ఇదంతా ఫ్యాన్ ముందు నోరు తెరిచి "ఆ..." అనడం గురించి. వేసవి సెలవుల్లో మా ఇంట్లో ఫ్యాన్‌ని గాలి కోసం వాడింది పెద్దవాళ్లు. నేనూ తమ్ముడూ వాడింది దీనికే.

జాలీకి జానెడు దూరంలో కూర్చుని గుక్క తిప్పుకోకుండా "ఆ" అని లాగాలి, అంతే. గొంతు ముక్కలు ముక్కలై గరగరమంటూ మన చెవికే తిరిగొస్తుంది. రెక్క అడ్డొస్తే శబ్దం తగిలి వెనక్కి వస్తుంది, సందు దొరికితే అవతలికి పోతుంది. మూడు రెక్కల ఫ్యాన్ నిమిషానికి 1200 చుట్లు తిరిగితే సెకనుకు 60 సార్లు ఇదే తంతు. అప్పుడు ఈ లెక్కలెక్కడ తెలుసు! లోపలెవరో కూర్చుని బదులిస్తున్నారని తమ్ముడు నమ్మాడు. నేను కాదనలేదు సరికదా, "స్కూలు తెరవకూడదు" అని వాడిచేత రోజూ అడిగించాను.

ఒక వేసవిలో మోటారు మీది బొడిపె విరిగింది. పైకి లాగితే ఫ్యాన్ ఒకవైపే చూస్తుంది, నొక్కితే అటూ ఇటూ తిరుగుతుంది కదా, అదే. విరగడం నొక్కి ఉండగా విరిగింది. ఎవరు విరగ్గొట్టారో ఇప్పటికీ తేలలేదు, నాకు మాత్రం నా మీదే అనుమానం. ఇక "ఆ" అని అందుకునేలోపే ఫ్యాన్ మొహం తిప్పేసుకునేది. దాంతో మోకాళ్ల మీద దాని వెంటపడ్డాం. ఈ చివర నుంచి ఆ చివరికి ఆరేడు అడుగులు, అక్కడ ఒక్క క్షణం ఆగి మళ్లీ వెనక్కి. అసలు గొడవ ఆ మలుపులోనే. అప్పటిదాకా ముందున్న నేను వెనకపడతాను, వెనకున్న తమ్ముడు ముందవుతాడు. వాడు తిరిగేది ఆలస్యం, నేను ఆగేది లేదు, ఠంగుమని తలలు ఢీ. మోకాళ్లు కమిలిపోయాయి. బాగు చేయిస్తానని అమ్మ అంటే ఇద్దరం ఒకేసారి వద్దని అరిచాం.

ఏ స్పీడులోనైనా ఒకేలా ఉంటుందనుకునేవాణ్ణి. మొన్న అటక మీంచి దించి చూస్తే మూడో నంబరులో ముక్కలన్నీ కలిసిపోయి ఉత్త బొంగురే మిగిలింది, దానికి తోడు గాలి హోరు. ఒకటో నంబరు నయం. స్విచ్ ఆపాక రెక్కలు నెమ్మదించే ఆ కాసేపు ఇంకా నయం, చివర్లో ముక్కలు లెక్కపెట్టొచ్చు. కరెంటు పోతే మేమెందుకు సంబరపడేవాళ్లమో ఇప్పుడు గుర్తొచ్చింది.

రోజూ వాడే కొత్త ఫ్యాన్‌కి ఏడు రెక్కలు, రిమోట్, చప్పుడూ తక్కువే. దాని ముందు "ఆ" అంటే "ఆ" అనే వినిపిస్తుంది. రెక్కలు పెరిగి ముక్కలు మరీ సన్నమైపోతున్నాయి మరి. అలాగని పాతదాన్ని వెనకేసుకు రాలేను, జాలీ సందుల్లో పిల్లల వేళ్లు సులువుగా దూరతాయి. జడలున్నవాళ్లు ముడేసుకుని కూర్చోవాలి.

కొనమంటారా అంటే గట్టిగా చెప్పలేను. ఇప్పుడు ఒక్కణ్ణే ఆడాలి, రెండు నిమిషాలకే ఆపేశాను. మీ ఇంట్లో ఇద్దరు పిల్లలుంటే మాత్రం, పెద్దవాళ్లు పక్కనుండే లెక్కన, మూడు రెక్కలది చూడండి. బొడిపె విరిగింది దొరికితే మరీ మంచిది.