క్యాన్సర్ వైద్యం అయ్యాక నడకకు బ్యాండా, ఫోనా? గుంటూరు పల్లెల్లో ఏడాదిన్నర వాడాక

వైద్యం పూర్తయి ఊరికి తిరిగొచ్చినవాళ్లకు ఆసుపత్రిలో చెప్పేది ఒకే మాట: "రోజూ నడవండి". ఎంత నడవాలో, ఎక్కడ ఆగాలో చీటీలో ఉండదు. తాడికొండ, ప్రత్తిపాడు వైపు ఊళ్లలో దీనికోసం రెండూ పక్కపక్కనే వాడి చూశాం: రెండు వేల లోపు వచ్చే మణికట్టు బ్యాండు, మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లో అడుగులు లెక్కపెట్టే యాప్. మా ఓటు ఫోనుకే. అయితే అది నడుముకు బిగించి కట్టిన గుడ్డసంచీలో ఉండాలి.

బ్యాండు చెయ్యి కదలికను బట్టి అడుగు లెక్కేస్తుంది. మిర్చి కోతల రోజుల్లో పట్టా మీద కూర్చుని తొడిమలు తీసే మనిషికి, కాయ అందుకుని తొడిమ గిల్లి పక్కన వేసే కుదుపులు కొన్ని అడుగుల్లో కలిసిపోతాయి. సాయంత్రానికి అంకె పెద్దదే, కాళ్లు మాత్రం కదల్లేదు. అదే మనిషి చంకన బిందెతో బోరింగు నుంచి ఇంటికి నడిస్తే చెయ్యి ఊగదు కాబట్టి చాలా అడుగులు లెక్కకే రావు. గాజుల వల్ల బ్యాండు పైకి జరిగి వదులైతే గుండె వేగం కూడా తప్పు చూపుతుంది. రొమ్ము ఆపరేషన్లో చంక గ్రంథులు తీసిన వైపు చేతికి బ్యాండు కట్టనే కూడదు. బిగుతు వల్ల ఆ చెయ్యి వాచే ప్రమాదం ఉంది.

ఫోన్లో ముందు చేయాల్సినవి రెండు. సెట్టింగ్స్‌లో ఆ యాప్‌కు 'ఫిజికల్ యాక్టివిటీ' అనుమతి ఇవ్వాలి. బ్యాటరీ దగ్గర 'అన్‌రిస్ట్రిక్టెడ్' పెట్టాలి, లేకపోతే స్క్రీన్ ఆగిన కాసేపటికి ఫోనే యాప్‌ను ఆపేస్తుంది. "నిన్న నడిచాను, సున్నా చూపిస్తోంది" అన్న ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇక్కడే తేలాయి. తర్వాత నోటితో లెక్కపెడుతూ వంద అడుగులు నడిపించండి. యాప్ 90కీ 110కీ మధ్య చూపితే చాలు. అడుగుల లెక్కకు నెట్ అక్కర్లేదు.

యాప్ తనంతట తాను పెట్టే 10,000 లక్ష్యాన్ని వెంటనే తీసేయండి. అది 1965లో జపాన్‌లో అమ్మిన అడుగుల మీటరు పేరులోంచి వచ్చిన అంకె, రోగుల కోసం లెక్కకట్టింది కాదు. మొదటి వారం లక్ష్యమే వద్దు. మామూలుగా తిరగనిచ్చి సగటు తీయండి. 2,200 వస్తే తర్వాతి రెండు వారాలు 2,500, అది తేలికయ్యాక ఇంకో 300. చేరాల్సింది వారానికి మూడు రోజులు, అరగంట చొప్పున, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం. కీమో ఇంకా నడుస్తుంటే, ఎక్కించిన తర్వాతి రెండు మూడు రోజులు అంకె పడిపోతుంది, అప్పుడు తరమొద్దు. జ్వరం 100.4 దాటినా, ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, కొత్తగా ఎముక నొప్పి లేదా చేతివాపు వచ్చినా నడక ఆపి ఆసుపత్రికి ఫోన్ చేయాలి.

కొన్ని కీమో మందులతో అరికాళ్లు మొద్దుబారతాయి, ముల్లు గుచ్చుకున్నా తెలియదు. వాళ్లు కాలవ గట్టు మీద చెప్పులతో వద్దు. మడమ పట్టే బూట్లు వేసుకుని, ఇంటికి రాగానే పాదాలు తిప్పి చూసుకోవాలి. మే నెలలో పొద్దున ఏడు లోపే నడక ముగించాలి.

యాప్‌లో మాకు నచ్చనిది ఒకటుంది: కండబలం కసరత్తును అసలు పట్టించుకోదు. వారానికి రెండుసార్లు అరలీటరు నీళ్ల సీసాతో చెయ్యి ఎత్తి దించడం నడకంత ముఖ్యం. డాక్టరు సరేనన్నాక కొద్దికొద్దిగా పెంచితే, ఆపరేషన్ అయిన చేతికీ అది మంచిదే.

యాప్ పంపే ఇంగ్లీషు హెచ్చరికలు ఎవరూ చదవలేదు. పనిచేసింది వాట్సాప్ గొంతు సందేశం: "పెద్దమ్మా, రాత్రి నిద్ర పట్టిందా? ఇవాళ రామాలయం దాకా వెళ్లొస్తారా?" జవాబు ఆ సాయంత్రమే వచ్చేది, అడుగుల అంకెతో సహా.

ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ కొడుకు కాలేజీకి పట్టుకెళ్తుంటే ఈ ఏర్పాటు నిలవదు. అక్కడ నడుముకు తగిలించే బటన్ బ్యాటరీ అడుగుల మీటరే నయం. రాత్రి అంకెను గోడ క్యాలెండర్లో ఆ తేదీ గడిలో రాసి, చెకప్‌కు వెళ్లేటప్పుడు ఆ కాగితం చించి తీసుకెళ్లండి. డాక్టరు ముందు ఫోన్ తెరిచి వెతికే పని ఉండదు.