మామయ్య నాణేల పెట్టెతో హైదరాబాద్, ముంబై, బెంగళూరు

ఇంట్లో పాత నాణేలో, స్టాంపులో, సినిమా పోస్టర్లో ఉండి వాటిని అమ్ముదామనుకునేవాళ్లకు ముందుగా ఒక మాట. అన్నీ కలిపి గంపగుత్తగా ఒకే మనిషికి ఇచ్చేయకండి. నాణేనికి మంచి రేటు పలికే చోట పోస్టర్‌ను ఎవరూ పట్టించుకోరు. పోస్టర్ల వ్యాపారికి స్టాంపుల సంగతి తెలియదు. మా మేనమామ పోయాక ఆయన జీవితమంతా కూడబెట్టిన సేకరణను అత్తయ్య నా చేతిలో పెట్టింది. "డబ్బు సంగతి తర్వాత నాన్నా, విలువ తెలిసినవాళ్లకు చేరాలి" అంది. ఆ పని మీదే ఈ ఊళ్లు తిరిగాను.

బయల్దేరే ముందు ఇంట్లోనే ఒక లెక్క వేసుకోవాలి. వెండి నాణెం ఎంత అరిగినా అందులోని వెండి ధర కంటే తక్కువకు ఇవ్వనక్కర్లేదు. విక్టోరియా, ఏడో ఎడ్వర్డ్, ఐదో జార్జ్ రూపాయి బరువు 11.66 గ్రాములు, అందులో 91.7 శాతం వెండి. అంటే దాదాపు 10.7 గ్రాములు. 1940 నుంచి వచ్చిన ఆరో జార్జ్ రూపాయల్లో వెండి సగమే. 1947 రూపాయి నికెల్‌ది. నిజాం పాలనలో హైదరాబాద్ రాజ్యం ముద్రించుకున్న రూపాయి, అంటే హాలీ సిక్కా, సుమారు 11.2 గ్రాములు, వెండి 81.8 శాతం. ఆ రోజు వెండి రేటుతో గుణిస్తే కనీస ధర తేలుతుంది. అరిగిన మేరకు కాస్త తగ్గించుకోవాలి. సంవత్సరం, టంకశాల, నాణెం కండిషన్ బట్టి వచ్చేదంతా దానికి పైన. ఇంకో సంగతి, మెరుస్తుంటే ఎక్కువిస్తారని చింతపండు, విభూది పెట్టి తోమకండి. ఏళ్ల తరబడి పట్టిన ఆ నల్లటి పొరను చూసే సేకర్తలు నాణేన్ని నమ్ముతారు. తోమిన నాణెం ధర సగానికి పడిపోయినా ఆశ్చర్యం లేదు.

హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టుపక్కల గుడ్డ పరుచుకుని పాత నాణేలు అమ్మేవాళ్లు చాలామంది ఉంటారు. వాళ్లు వచ్చేపోయే టూరిస్టులకు అమ్ముకునేవాళ్లు, మన దగ్గర కొంటే తూకం లెక్కనే అడుగుతారు. మహబూబ్ చౌక్ గడియార స్తంభం వైపు పాత సామాన్ల దుకాణాలు వేరు. వాటిలో ఒకచోట ఆల్బమ్ తెరవకుండానే మొత్తానికి ఒక రేటు చెప్పారు. అక్కడ నిలబడి బేరమాడటం కూడా దండగ. చూడకుండా కొంటానన్నాడంటే ఆ రేటులో మన వాటా ఏమీ లేదనే అర్థం.

అదే పాతబస్తీలో ఇంకో పెద్దాయన దగ్గర కూర్చున్నాక నాకు ధైర్యం వచ్చింది. నల్ల గుడ్డ పరిచి, హాలీ సిక్కాలను అంచులు పట్టుకుని ఒక్కొక్కటే పెట్టాడు. కంటికి భూతద్దం తగిలించుకుని "చార్మినార్ గుమ్మంలో చూడండి సార్" అన్నాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలం రూపాయి మీద ఆ గుమ్మంలో 'మీమ్' అనే ఉర్దూ అక్షరం ఉంటుంది, ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్ రూపాయి మీద 'ఐన్' అనే అక్షరం ఉంటుంది. ఆ ఐన్‌లోనూ పొట్టిగా చెక్కినది ఒకటి, పూర్తిగా చెక్కినది ఒకటి. మామయ్య ఈ రెండింటినీ ఎందుకు విడివిడి కవర్లలో పెట్టుకున్నాడో అప్పుడు తెలిసింది. పెద్దాయన ప్రతి నాణేనికి కాగితం మీద రేటు రాసి, "ఇంకోచోట కూడా అడిగి రండి" అన్నాడు. అడిగి వచ్చి మళ్లీ ఆయనకే ఇచ్చాను. నిజాం నాణేలకు హైదరాబాద్ దాటాల్సిన పని లేదని నా నమ్మకం.

బ్రిటిష్ ఇండియా నాణేలకు మాత్రం ముంబై వెళ్లాల్సిందే. హుస్సేన్‌సాగర్ ఎక్స్‌ప్రెస్ మధ్యాహ్నం ఎక్కితే తెల్లవారేసరికి సీఎస్‌ఎంటీలో దింపుతుంది. నాణేల సంచి బరువు తక్కువేం కాదు. ఏసీలో లోయర్ బెర్త్ తీసుకుని తల కింద పెట్టుకుని పడుకున్నాను. రూమ్ విషయంలో దాదర్ వైపు కొంచెం తక్కువలో దొరుకుతుంది గానీ, విలువైన సరుకుతో లోకల్ రైలు రద్దీలో తిరగడం టెన్షన్. సీఎస్‌ఎంటీ స్టేషన్ దగ్గరుండే ఫోర్ట్ ప్రాంతంలోనే దిగండి. గదులు అగ్గిపెట్టెల్లా ఉంటాయి, రేటూ ఎక్కువే. కానీ డీలర్ల దగ్గరికి నడిచి వెళ్లొచ్చు, మధ్యాహ్నం సరుకు గదిలో పెట్టి ఊపిరి పీల్చుకోవచ్చు. బుక్ చేసే ముందు గదిలో లాకర్ ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కోండి. నాకు ఏసీ కంటే అదే ముఖ్యమనిపించింది.

ఫోర్ట్‌లో ఫుట్‌పాత్ మీద కూడా నాణేలు, స్టాంపులు అమ్ముతారు. అక్కడ రేట్లు వినడం మంచిది, అమ్మడం వద్దు. దుకాణాల్లో అందరూ ముందు అడిగేది "1939 రూపాయి ఉందా?" అనే. ఆరో జార్జ్ వరుసలో అది అరుదు. 1938 రూపాయిలో 8ని 9గా చెక్కిన నకిలీలు ఎక్కువ కాబట్టి ఉందంటే చాలు, భూతద్దం బయటికి వస్తుంది. మా దగ్గర అది లేదు. కానీ బాగా నిలిచిన విక్టోరియా రూపాయలు కొన్ని ఉన్నాయి, వాటిని వేలానికి ఇచ్చాను.

వేలం గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే న్యాయమైన ధర ఎక్కువసార్లు వచ్చేది అక్కడే. ముంబైలో తోడీవాలా, ఓస్వాల్, రాజ్‌గోర్ వేలం సంస్థలు, బెంగళూరులో మరుధర్ ఆర్ట్స్, అహ్మదాబాద్‌లో క్లాసికల్ న్యూమిస్మాటిక్ గ్యాలరీ ఈ రంగంలో పేరున్నవి. మన సరుకు చూసి, ఏది వేలానికి పనికొస్తుందో వాళ్లే ఏరుతారు. ప్రతి నాణేనికి ఫొటో, బరువు, కనీస ధర రాసిన రసీదు లేకుండా ఏదీ ఇవ్వకండి. అమ్మేవాళ్ల నుంచి ఎంత కమీషన్ పట్టుకుంటారు, అమ్ముడుపోకపోతే వెనక్కి పంపే ఖర్చు ఎవరిది, డబ్బు ఎన్నాళ్లకు వస్తుంది, ఈ మూడూ కాగితం మీద ఉండాలి. పాన్ కార్డు అడుగుతారు, చెల్లింపు బ్యాంకు ద్వారానే జరుగుతుంది. నెలల తరబడి ఆగాల్సి రావచ్చు. అవసరం తరుముకొస్తుంటే ఈ దారి కుదరదు, లేకపోతే ఇదే మంచిది.

బెంగళూరులో నాణేల ఎగ్జిబిషన్ జరిగేటప్పుడు వెళ్లాను. కాచిగూడలో రాత్రి రైలెక్కి పొద్దున దిగడం, మెజెస్టిక్ దగ్గర లాడ్జిలో స్నానం చేసుకుని వెళ్లడం, అంతా సుఖంగా జరిగింది. ఒకే హాల్లో అంతమంది డీలర్లు పక్కపక్కన కూర్చుంటే ఒకరి రేటు ఇంకొకరికి తెలిసిపోతుంది. వేలానికి ఎన్నికవ్వని మామూలు నాణేలన్నీ అక్కడే వదిలించుకున్నాను. ముంబైలో ఒక్కో దుకాణం తిరిగినదానికంటే ఇది చాలా నయం.

ముంబై చోర్ బజార్, మటన్ స్ట్రీట్ గురించి సినిమా పోస్టర్లున్నవాళ్లు తెలుసుకోవాలి. శుక్రవారం దుకాణాలు మూసేస్తారు, ఆ రోజు వీధిలో పరిచే సంత వేరు. హిందీ పోస్టర్లకు, సినిమా హాళ్లలో అంటించే ఫొటో కార్డులైన లాబీ కార్డులకు అక్కడ మంచి గిరాకీ ఉంది. తెలుగు పోస్టర్లు, పాటల పుస్తకాలు చూసి ఆసక్తిగా తిరగేశారు గానీ రేటు చెప్పలేదు. వాటికి మనవాళ్లే కొనుగోలుదారులు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల బజార్లో అడుగుతూ పోతే ఒక సేకర్త ఇంకొకరి దగ్గరికి పంపుతాడు. అలా వెళ్లి ఇచ్చినవాటికి వచ్చిన డబ్బు తక్కువేమీ కాదు.

స్టాంపుల దగ్గర ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. స్వతంత్రం వచ్చాక లక్షల్లో అచ్చయిన స్మారక స్టాంపులకు చాలావరకు ముఖవిలువ కూడా రాదు. 1948 గాంధీ పది రూపాయల స్టాంపు, నిజాం రాజ్యం పాత స్టాంపులు ఉంటే మాత్రం విడిగా చూపించండి. ఆబిడ్స్ జీపీఓలోని ఫిలాటెలిక్ బ్యూరో కొత్త స్టాంపులు అమ్ముతుందే తప్ప మన పాతవి కొనదు.

ఇక ఇంటర్నెట్‌లో 'ఈ ఐదు రూపాయల నాణేనికి లక్షలు' అని కనిపించేవన్నీ మోసాలే. పాత నాణేలు, నోట్ల లావాదేవీలతో తమకు సంబంధం లేదని, ఏ ఫీజూ వసూలు చేయబోమని రిజర్వ్ బ్యాంకు 2021లోనే ప్రకటించింది. కొంటామంటూ ముందు మననే డబ్బు కట్టమంటే అక్కడితో ఫోన్ పెట్టేయండి. విదేశాల్లో ఉన్న బంధువులు అక్కడ అమ్మిపెడతామన్నా నూరేళ్లు దాటిన నాణేలు పంపకూడదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం అది నేరం.