తలంబ్రాల సీను పగలకుండా: హ్యాండ్‌బ్రేక్‌తో నా అనుభవం

పాత పెళ్ళి క్యాసెట్లను ఫైళ్ళుగా మార్చి ఇవ్వడం నా పని. క్యాసెట్ కంప్యూటర్‌లోకి ఎక్కాక మిగతా పనంతా కొన్నేళ్ళుగా హ్యాండ్‌బ్రేక్ అనే వీడియో మార్పిడి సాఫ్ట్‌వేర్‌లోనే, అందులో వీడియోని కుదించే ఎక్స్264 ఎన్‌కోడర్‌తోనే చేస్తున్నాను. ఉచితంగా దొరుకుతుంది, విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. వేగం ఎంత, ఫైలు ఎంత చిన్నదైంది అన్నవి నాకు తర్వాతి సంగతులు. బొమ్మ గడులు గడులుగా పగలకూడదు, అంతే.

ఎన్‌కోడర్‌ని పరీక్షించడానికి తలంబ్రాల సీను ఒక్కటి చాలు. అప్పటిదాకా పీటల మీద కదలకుండా కూర్చున్న జంట మీద ఒక్కసారిగా వందల గింజలు, ఒక్కోటీ ఒక్కో దిక్కుకి. ముందు ఫ్రేములోని ముక్కని తెచ్చి ఈ ఫ్రేములో వాడుకుని బిట్లు, అంటే డేటా, మిగుల్చుకోవడం ఎన్‌కోడర్ పద్ధతి. తలంబ్రాల దగ్గర ఆ పప్పులు ఉడకవు. బిట్లు చాలకపోతే వివరాలు వదిలేసి, చిన్న చిన్న గడులకి దాదాపు ఒకే రంగు పూసేస్తుంది. పెళ్ళికూతురి బుగ్గ మీద మెట్లు మెట్లుగా కనిపించేది అదే. వీసీడీల్లో ఇది మరీ ఘోరం: 352×288 బొమ్మకి సెకనుకి సుమారు 1150 కిలోబిట్లు, తలంబ్రాలు పడినా పడకపోయినా అంతే.

అందుకే ముందు చేయాల్సింది యావరేజ్ బిట్‌రేట్‌ని పక్కనపెట్టి కాన్‌స్టంట్ క్వాలిటీ ఎంచుకోవడం. అప్పుడు కష్టమైన సీనుకి ఎక్కువ బిట్లు, తేలికైన సీనుకి తక్కువ వెళ్తాయి. మన క్యాసెట్లలో ఉండే 576 లైన్ల పాల్ వీడియోకి ఆ క్వాలిటీ అంకె (ఆర్‌ఎఫ్) 18 నుంచి 22 మధ్య పెట్టుకోమంటారు. నేను 19 దగ్గర ఉంటాను. అంకె తగ్గేకొద్దీ నాణ్యతా పెరుగుతుంది, సైజూ పెరుగుతుంది.

అసలు దొంగ వేరే ఉంది, అది నాయిస్. క్యాసెట్ బొమ్మ మీద ఎప్పుడూ ముసురుతూ ఉండే చుక్కలు ప్రతి ఫ్రేములోనూ కొత్తగా పుడతాయి. ఎన్‌కోడర్ వాటిని కూడా వివరాలే అనుకుని బిట్లు వాటికే ధారపోస్తుంది. నాయిస్ తగ్గించే ఎన్‌ఎల్‌మీన్స్ ఫిల్టర్ పెట్టి, ట్యూన్‌లో టేప్ ఎంచుకుని, బలం అల్ట్రాలైట్‌లో గానీ లైట్‌లో గానీ ఉంచితే బొమ్మ ఒక్కసారి కుదుటపడుతుంది. ఎక్కడ ఆపాలో పట్టుచీర అంచు చెబుతుంది: జరీ గీతలు కలిసిపోవడం మొదలైతే ఎక్కువైనట్టే. మీడియం పెడితే మొహాలు మైనపు బొమ్మల్లా తయారవుతాయి. ఈ ఫిల్టర్ బాగా నెమ్మది, రాత్రి పెట్టి పొద్దున చూసుకోవాల్సిందే. అయినా నేను దీన్ని వదలను.

ఫ్రేము అడుగున వీసీఆర్ హెడ్ మారే చోట ఊగులాడే పట్టీ ఒకటుంటుంది. దాన్ని చేత్తో క్రాప్ చేయండి. ఆటోమేటిక్ క్రాప్ నల్ల అంచుల్నే వెతుకుతుంది, దీన్ని పట్టుకోలేదు. పాత వీడియోలో ఒక్కో ఫ్రేము రెండు సగాలుగా ఉండటం (ఇంటర్‌లేస్) వల్ల కదిలేచోట వచ్చే దువ్వెన గీతలు మిగిలిపోయినా బిట్లు తింటాయి, వాటిని తీసే డీకోంబ్ ఫిల్టర్‌ని ఆన్‌లో ఉంచుకోండి.

ఇక గడుల అంచుల్ని సాపు చేసే డీబ్లాక్. ఇందులో చాలామంది తికమక పడతారు, ఎందుకంటే ఆ పేరుతో రెండున్నాయి. ఫిల్టర్ల ట్యాబులో ఉన్నది మనం ఇచ్చే సోర్సుని ముందే సాపు చేస్తుంది. సోర్సు వీసీడీ అయి, అప్పటికే పగిలి ఉంటేనే దానితో పని. రెండోది ఎక్స్264 లోపల ఉంటుంది. ఎన్‌కోడ్ చేస్తూనే గడుల అంచుల్ని కలుపుతుంది, సాపైన ఆ ఫ్రేమునే తర్వాతి ఫ్రేములకి ఆధారంగా వాడుకుంటుంది. దానికి రెండు విలువలు, ఒక్కోటీ −6 నుంచి +6 దాకా ఉంటుంది, మామూలుగా 0, 0. ఎన్‌కోడర్‌కి ఉండే ట్యూన్‌లో ఫిల్మ్ పెడితే −1, −1 అవుతుంది, యానిమేషన్ ట్యూన్‌లో 1, 1. గడులు కనిపిస్తున్నాయని దీన్ని +3కి లాగేవాళ్ళున్నారు. గడులతోపాటు చీర నేత కూడా పోతుంది. నేను ఫిల్మ్ ట్యూన్ దాటి వెళ్ళను. గడుల్ని నాయిస్ దగ్గరా బిట్ల దగ్గరా ఆపాలి గానీ, పుట్టాక వాటిని రుద్ది లాభం లేదు.

రాత్రి ఊరేగింపుకి మాత్రం వేరే వైద్యం. లైట్ల వెలుతురు దాటాక ఆకాశమంతా నలుపు, ఆ నలుపులో ముదురు బూడిదరంగు గడులు పాకుతుంటాయి. అడ్వాన్స్‌డ్ ఆప్షన్లలో, ఫ్రేములో ఏ భాగానికి ఎన్ని బిట్లో పంచే ఏక్యూ-మోడ్‌ని 3 పెట్టండి. మామూలుగా ఉండేది 1. 3 అయితే చీకటి భాగాలకి ఎక్కువ బిట్లు మళ్ళిస్తుంది. ఫైలు కాస్త పెరిగినా చీకటి చీకటిగానే ఉంటుంది. ఇన్నేళ్ళ వాడకంలో ఇంత చిన్న మార్పుతో ఇంత ఫలితం నేను ఇంకెక్కడా చూడలేదు. రంగుల మెట్లు ఎక్కువుండే 10 బిట్‌లో, హెచ్.265 అనే కొత్త ఫార్మాట్‌లో అయితే ఇంకా నునుపుగా వస్తుంది గానీ, చాలా ఇళ్ళలోని పాత టీవీలు పెన్‌డ్రైవ్‌లో పెడితే దాన్ని ఆడించవు. అందుకే ఇచ్చే కాపీ ఎక్స్264 తయారుచేసే 8 బిట్ హెచ్.264లోనే ఇస్తాను. గ్రాఫిక్స్ కార్డు ఎన్‌కోడర్లు ఎంత వేగమైనా, అదే సైజుకి తలంబ్రాలు ఎక్కువ పగులుతున్నాయి. వాటిని ఇచ్చే కాపీకి వాడను.

పూర్తి క్యాసెట్‌కి ముందు రేంజ్‌ని సెకండ్లలోకి మార్చి తలంబ్రాల నిమిషం ఒక్కటీ ఎన్‌కోడ్ చేసి, టీవీలో చూడండి. ప్రివ్యూ మీద ఆధారపడొద్దు, అది వీడియో అంతటా సమాన దూరాల్లో చోట్లు ఎంచుకుంటుంది, మనకి కావలసిన సీను దొరక్కపోవచ్చు. వీసీడీ సోర్సు నుంచి మాత్రం అద్భుతాలు ఆశించకండి: పోయిన వివరాల్ని ఏ ఫిల్టరూ తిరిగి తేలేదు. ఇంట్లో అసలు క్యాసెట్ ఉంటే, బూజు పట్టినా సరే, దాన్నే తీసుకురమ్మని అడుగుతాను. ఫైలు ఇచ్చేటప్పుడు ఇంకో మాట కూడా చెబుతాను: బంధువులకి వాట్సాప్‌లో వీడియోగా కాదు, డాక్యుమెంట్‌గా పంపండి. లేకపోతే అది మళ్ళీ కుదించేస్తుంది, తలంబ్రాలు మళ్ళీ పగులుతాయి.