మాట్రిజెల్ కొనే ముందు లాట్ నంబరు చూడండి

ఐపీఎస్ కణాలు (మామూలు కణాలను వెనక్కి మలిచి చేసిన మూలకణాలు) పెంచే ల్యాబుల్లో మాట్రిజెల్ లేని ఫ్రీజర్ అరుదు. ఈ కణాలు ఉత్త ప్లాస్టిక్ మీద నిలవవు, అడుగున ప్రోటీన్ పూత ఉండాలి. కార్నింగ్ అమ్మే ఈ జెల్ ఆ పని బాగానే చేస్తుంది. దాని గుణమూ దోషమూ రెండూ అది పుట్టిన చోటునుంచే వచ్చాయి. ఎలుకల్లో పెంచిన ఎంగెల్‌బ్రెత్-హోమ్-స్వార్మ్ సార్కోమా అనే కణితి నుంచి దీన్ని తీస్తారు. సుమారు 60 శాతం లామినిన్, 30 శాతం నాలుగో రకం కొలాజెన్, 8 శాతం ఎంటాక్టిన్. తంటా అంతా మిగతా ఆ కాస్తలోనే ఉంది. వృద్ధి కారకాలు, లెక్కకు మిక్కిలి ఇతర ప్రోటీన్లు అందులో ఉంటాయి, వాటి పాళ్లు లాట్‌కూ లాట్‌కూ (ఒక విడతలో తయారైన సరుకు ఒక లాట్) మారతాయి.

ఐపీఎస్ కణాలకైతే హెచ్ఈఎస్‌సీ-క్వాలిఫైడ్ (మానవ పిండ మూలకణాలకు పరీక్షించిన) రకమే తీసుకోండి. ఆర్గనాయిడ్లకు (ల్యాబులో పెంచే, బుల్లి అవయవాల్లాంటి కణ గుంపులు) ఆ వృద్ధి కారకాలు (గ్రోత్ ఫ్యాక్టర్లు) తగ్గించిన రకం, ఫ్లోరసెన్స్ ఇమేజింగ్ ఉంటే ఫినాల్ రెడ్ అనే రంగు లేనిది. ఏది కొన్నా ముందే రెండు మూడు లాట్ల శాంపిళ్లు తెప్పించి, మీ సొంత కణాల లైన్ మీద కనీసం మూడు పాసేజ్‌లు (కణాలను కొత్త ప్లేట్‌కు మార్చే విడతలు) నడిపి చూడండి. 24 గంటలకు ఎన్ని కణాలు అంటుకున్నాయో, మూడో పాసేజ్ చివర ఓసీటీ4 (మూలకణ లక్షణానికి గుర్తయిన ప్రోటీన్) ఎంత శాతం కణాల్లో ఉందో పోల్చి, నచ్చిన లాట్‌ను ఏడాదికి సరిపడా రిజర్వ్ చేయించుకోవాలి. ప్రయోగం మధ్యలో లాట్ మారిస్తే, వచ్చిన తేడా పరీక్షించే మందుదో జెల్‌దో ఎవరూ చెప్పలేరు.

హెచ్ఈఎస్‌సీ రకం సర్టిఫికెట్ మీద డైల్యూషన్ ఫ్యాక్టర్ అని ఒక అంకె ఉంటుంది. 270 అని ఉంటే, 25 మి.లీ. డీఎంఈఎం/ఎఫ్12 అనే మీడియానికి (కణాల పోషక ద్రవానికి) 270 మైక్రోలీటర్ల జెల్ అని అర్థం. 6-వెల్ ప్లేట్‌లో వెల్‌కు 1 మి.లీ. చొప్పున అది నాలుగు ప్లేట్లకు వస్తుంది. అంటే 5 మి.లీ. సీసా నుంచి 18 అలీకాట్లు (ఒక్కో వాడకానికి విడదీసిన చిన్న వాటాలు), పైపెట్‌కు అంటుకుని పోయేది పోగా 17 అనుకోండి. పాత లాట్ అంకెనే అలవాటుగా వాడేయడం తరచూ జరిగే పొరపాటు.

కరిగించడంలోనే ఎక్కువ సీసాలు పాడవుతాయి. ఇది 10 డిగ్రీలు దాటితే గట్టిపడటం మొదలెడుతుంది, 22 నుంచి 35 డిగ్రీల మధ్య చకచకా జెల్ అయిపోతుంది. కాబట్టి సీసాను ఐసులో పూడ్చి, ఆ ఐసు బకెట్‌తో సహా 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచాలి. ఉత్త ఫ్రిజ్ అరను నమ్మొద్దు, తలుపు తీసినప్పుడల్లా అక్కడ వేడి మారుతుంది. టిప్పులు, ట్యూబులు ముందే చల్లబరచాలి. వోర్టెక్స్ యంత్రంతో కుదిపితే బుడగలు వస్తాయి, చేత్తో మెల్లగా తిప్పితే చాలు. కరిగాక లేత పసుపు నుంచి ముదురు ఎరుపు దాకా ఏ రంగు కనిపించినా కంగారు పడనక్కర్లేదు. ఫినాల్ రెడ్, బైకార్బనేట్, కార్బన్ డయాక్సైడ్ కలిసి చేసే పని అది. అలీకాట్లను మైనస్ 20లో, ఆటో-డీఫ్రాస్ట్ లేని ఫ్రీజర్‌లో పెట్టండి. ఒకసారి కరిగించినదాన్ని మళ్లీ గడ్డకట్టించొద్దు.

పూత వేసేటప్పుడు అలీకాట్‌ను చల్లటి మీడియంలోనే కలపాలి. గది వేడి మీద గంట ఆగితే పూత పడుతుంది. వెంటనే వాడకపోతే పారాఫిల్మ్ చుట్టి 2–8 డిగ్రీల్లో వారం దాకా ఉంచొచ్చు. ఎండిన వెల్ మాత్రం పారేయాల్సిందే. కణాలు వేసే ముందు ఖాళీ వెల్‌ను ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోప్‌లో ఓసారి చూడండి. ముద్దలు, తాళ్లలాంటి చారలు ఉంటే, కలిపేలోపే జెల్ కట్టిందన్నమాట. అలాంటి వెల్‌లో కాలనీలు ఓ మూల గుంపుగా పడి, మిగతా చోట ఖాళీగా ఉంటుంది. కణాలు అంచుల నుంచి పొరగా లేచిపోతుంటే వెల్ ఎండిందేమోనని అనుమానించాలి. కాలనీ నడుమ డిఫరెన్షియేషన్ (మూలకణాలు వేరే రకం కణాలుగా మారడం) కనిపిస్తే చాలామంది జెల్‌నే తిడతారు గానీ, ఎక్కువసార్లు తప్పు పాసేజ్ ఆలస్యం చేయడంలోనో, పాతబడ్డ మీడియంలోనో ఉంటుంది.

ఆర్గనాయిడ్లకు దీనికి దీటైనది ఇప్పటికీ దొరకడం కష్టం. 2009లో హాన్స్ క్లెవర్స్ ల్యాబు ఒకే మూలకణం నుంచి పేగు ఆర్గనాయిడ్లు పెంచింది ఈ జెల్‌లోనే. ఇక్కడ పలుచన చేయకూడదు, ప్రోటీన్ గాఢత ఎక్కువున్న లాట్ కావాలి. ప్లేట్‌ను ముందే 37 డిగ్రీల్లో వెచ్చబెట్టి, వెల్ నడుమ 50 మైక్రోలీటర్ల బొట్టు వేసి, నిమిషం తర్వాత ప్లేట్‌ను తలకిందులు చేసి ఇన్‌క్యుబేటర్‌లో 15–20 నిమిషాలు ఉంచాలి. అలా తిప్పకపోతే కణాలు అడుగుకు దిగి ప్లాస్టిక్ మీద పరుచుకుంటాయి. బొట్టు చదునుగా పారిందంటే ప్లేట్ చల్లగా ఉందనో, కణాలతోపాటు మీడియం ఎక్కువ మిగిలిపోయిందనో అర్థం.

రోగికి ఎక్కించే కణాల దగ్గర మాత్రం మాట్రిజెల్‌కు సున్నా మార్కులే. ఎలుక కణితి నుంచి తీసిన, కూర్పు పూర్తిగా తెలియని పదార్థాన్ని క్లినికల్ తయారీలో సమర్థించుకోవడం చాలా కష్టం. అక్కడ రీకాంబినెంట్ (జన్యు పద్ధతిలో తయారుచేసిన) ప్రోటీన్లే దారి. విట్రోనెక్టిన్ నికరమైనది, కానీ విడి కణాలుగా పాసేజ్ చేస్తే పట్టు తక్కువ. దాని ఎక్స్ఎఫ్ రకాన్ని టిష్యూ కల్చర్ ట్రీట్ చేయని (కణాలు అంటుకునేలా ఉపరితలం మార్చని) ప్లేట్ల మీదే వాడాలి, మామూలు ప్లేట్ మీద వేసి ‘పనిచేయట్లేదు’ అనేవాళ్లు కొల్లలు. లామినిన్-521 పట్టు గట్టిది. దాన్ని కాల్షియం, మెగ్నీషియం ఉన్న పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంలోనే కలపాలి. పూత ఎండితే ఇక పనికిరాదు. లామినిన్-511 ఈ8 ముక్క అయిన ఐమాట్రిక్స్-511 కూడా నమ్మదగ్గదే. క్యోటో విశ్వవిద్యాలయం బృందం 2014లో ప్రచురించిన ఫీడర్ (అడుగున పరిచే సహాయక కణాలు) లేని పద్ధతి దీని మీదే నడిచింది.

మాట్రిజెల్ నుంచి వీటికి మారేటప్పుడు ఒక్క రోజులో మార్చేయకండి. రెండు పూతల మీదా సమాంతరంగా నడపండి, మొదటి 24 గంటలు 10 మైక్రోమోలార్ వై-27632 (విడదీసిన కణాలు చావకుండా కాపాడే మందు) ఇవ్వండి, పాత పూత మీది కణాలను ఫ్రీజ్ చేసి పక్కన పెట్టుకోండి, కొత్త పూత మీద పది పాసేజ్‌ల దగ్గర క్యారియోటైప్ (క్రోమోజోముల పరీక్ష) చేయించండి.